మౌనిక పాలు, మా డబ్బాలు

రిటైరయ్యాక నాకు దొరికిన మొదటి సుఖం ఏమిటో చెప్పమంటారా? ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీస్తే పెరుగు కనిపిస్తుంది, నిన్నటి పప్పు కనిపిస్తుంది. మూతల మీద అంకెలు వేసిన చిన్న చిన్న డబ్బాలు కనిపించవు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కరెంటు పోతే మా ఇంట్లో చీకటి సంగతి నాకు పట్టేది కాదు. బుద్వేల్‌లో మా ల్యాబు జనరేటరు అందుకుందా లేదా అన్నదే బెంగ. ఇప్పుడు కరెంటు పోతే విసనకర్ర తీసుకుని వాకిట్లో కూర్చుంటున్నాను. ప్రాణం హాయిగా ఉంది.

మనిషి పేగుల్లో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురముంటాయి. ఆ సంసారాన్నే మైక్రోబయోమ్ అంటారు. అందులో ఎవరెవరు ఉన్నారు, ఏం చేస్తున్నారు, పిల్లలు ఎదగడానికి సాయపడుతున్నారా లేదా అని చూడటం మా పని. చూడాలంటే ముందు తేవాలి కదా. ఆ తెచ్చే పని నాది. శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి జనం మలాన్ని పోగుచేసి, ఐసుపెట్టెలో పెట్టి ల్యాబుకు చేర్చడం. మా అమ్మ బతికున్నన్ని రోజులూ చర్చిలో ఎవరడిగినా "మా ఎస్తేరు సైన్సు ఆఫీసులో పని జేస్తది" అని మాత్రమే చెప్పేది. ఇంకో ప్రశ్న వేస్తే వెంటనే ప్రార్థన మొదలుపెట్టేది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. మెషీన్ల గురించి అడుగుతారు. మెషీన్లు మీకు నాకంటే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది మనుషుల సంగతి. ముఖ్యంగా ఒక్క ఇంటి సంగతి.

పెంట మేడం

ఊళ్లలో నాకున్న పేరు అది. పిల్లలు నా జీపు చూడగానే "పెంట మేడం వచ్చిందోయ్" అని గల్లీ గల్లీకీ చాటింపు వేసేవాళ్లు. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత్తర్వాత లాభమే జరిగింది. నేను ఏ గుమ్మంలో నిలబడినా ఎందుకొచ్చానో చెప్పుకోవలసిన అవసరం లేకపోయింది.

మొదటి ప్రాజెక్టుకు సామానంతా పరాయి దేశం నుంచి వచ్చింది. డబ్బాతో పాటు ఒక కాగితపు జోలె ఉండేది. కమోడు మీద అటూ ఇటూ అంటించి దాని మీద కూర్చోవాలట. మా ఊళ్లలో కమోడు ఎక్కడిది! ఒకావిడ ఆ జోలెను శుభ్రంగా మడిచి కుండ మీద మూతగా వేసింది. "కాయితం మంచిగున్నది మేడం, ఇంకోటి ఇయ్యరాదు?" అని అడిగింది కూడా. ఇచ్చాను.

సామానే కాదు, కొలత కూడా అక్కడిదే. డబ్బున్న దేశాల వాళ్ల పేగుల్లో ఏముంటే అది మామూలు. గట్క జావ తాగి, అంబలి తాగి, జొన్నరొట్టె తిని పెరిగిన మనవాళ్ల పేగుల్లో వేరేది కనిపిస్తే అది విచిత్రం. మన దగ్గర చూసిన మనుషులే తక్కువ, అందుకే అన్నీ విచిత్రాలే. ఈ మోజులో పడి మనవాళ్లు కూడా ప్రతి ఊళ్లోనూ ఒక వింత వెతకడం మొదలుపెడతారు. వింత దొరికితే పేరొస్తుంది మరి. మా పెద్దసారుకూ ఆ జబ్బు కొంచెం ఉండేది.

రామనాథం గారు

మా పెద్దసారు రామనాథం గారిది కోస్తా జిల్లా. నిండు మనిషి. ప్యూనును కూడా 'మీరు' అనేవారు. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో చాలామంది పైఅధికారులను చూశాను. పని కింద వాళ్లది, పేరు తమది అనుకునేవాళ్లే ఎక్కువ. ఈయన అలా కాదు. ఎండలో తిరిగొస్తే తన ఫ్లాస్కులోని మజ్జిగ పోసి ఇచ్చేవారు. కానీ ఫలితం చేతికొచ్చిందంటే చాలు, చిన్నపిల్లాడైపోయేవారు. కొత్త బొమ్మ దొరికిన పిల్లాడు దాన్ని నలుగురికీ చూపించకుండా ఉండగలడా? ఈయనా ఉండలేరు.

అప్పట్లో మేం పసిపిల్లల మీద పని చేస్తున్నాం. తల్లిపాలు తాగే పిల్లల పేగుల్లో మొదటి నెలల్లో ఎలాంటి సూక్ష్మజీవులు చేరతాయి, అవి పిల్లల ఎదుగుదలకు ఎంత ఉపయోగం అన్నది ప్రశ్న. పుట్టిన కొన్నాళ్లకు ఒక డబ్బా, నాలుగో నెలలో ఒక డబ్బా తీసుకునేవాళ్లం. పసిపిల్లలు మనం వెళ్లిన వేళకు పని కానివ్వరు కదా, అందుకని ముందురోజు డబ్బా ఇచ్చి వచ్చి, మర్నాడు వెళ్లి తెచ్చుకునేదాన్ని. మూతకే చిన్న చెంచా ఉంటుంది. గుడ్డ మీది నుంచి కొంచెం తీసి వేస్తే చాలు. తల్లులను ఇబ్బంది పెట్టకూడదని సారు పెట్టిన పద్ధతి అది.

సాతంరాయిలో నర్సమ్మ కూతురు మౌనిక మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. కొడుకు పుట్టాడు. నర్సమ్మకు కొంచెం పొలం, ఒక పాడి బర్రె. భర్త లేడు, ఒక్కతే కూతురు. నేను వెళ్లి సంగతి చెబితే కుర్చీ తుడిచి వేసింది, చల్ల ఇచ్చింది, అంతా విని "మంచిగనే ఉన్నది మేడం, రేపు రాండ్రి" అంది. మర్నాడు వెళ్తే డబ్బా సిద్ధంగా ఉంది. కొత్త గుడ్డలో చుట్టి మరీ ఇచ్చింది. అలాంటి ఇళ్లు తగిలిన రోజు నాకు పండగ.

మౌనిక అత్తగారిది కొత్తూరు. అత్త పేరు అనంతమ్మ. భర్త శ్రీకాంత్ ఎయిర్‌పోర్టు కార్గోలో పని చేసేవాడు. అనంతమ్మ కూతురికి కూడా కొద్ది నెలల ముందు కొత్తూరులో కాన్పు అయింది. ఆ పాప డబ్బాను మేం అనంతమ్మ చేతి నుంచి తీసుకున్నాం. అంటే ఒకే కుటుంబంలో కోడలి బిడ్డ, కూతురి బిడ్డ ఇద్దరూ మా పరిశోధనలో ఉన్నారు.

సారుకు ఇంకో అలవాటు ఉండేది. మాకు సాయం చేసిన కుటుంబాలను శంషాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలుకు పిలిచి, చాయ్, మిర్చి బజ్జీలు పెట్టి, తెర మీద బొమ్మలు చూపించి, మీ వల్ల మేం ఏం నేర్చుకున్నామో చెప్పేవారు. మంచి అలవాటే. ఊరి నుంచి తీసుకుపోవడమే తప్ప తిరిగి ఒక్క మాట చెప్పని పెద్దమనుషులు మన రంగంలో కొల్లలు. ఆసారి మీటింగు రోజున మా అన్న కూతురి పెళ్లి ఉండి నేను వెళ్లలేదు. ఆ రోజు ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది.

మీటింగు అయ్యాక శ్రీకాంత్, అనంతమ్మ సారు దగ్గరికి వెళ్లి, మా పిల్లలవి ఎట్లున్నయి సార్ అని అడిగారు. అడగటం సహజం. ఆయన ల్యాప్‌టాప్ తీశారు. కూతురి బిడ్డది చూసి, "బ్రహ్మాండం అమ్మా! పాఠ్యపుస్తకంలో బొమ్మలా ఉంది. పాలు తాగే బిడ్డ అంటే ఇలా ఉండాలి" అన్నారు. కోడలి బిడ్డది చూసి, "ఇదే చాలా విచిత్రం. తల్లిపాల వల్ల రావలసిన సూక్ష్మజీవులు మీ బాబులో దాదాపు కనబడటం లేదు. ఇలాంటిది నేనెక్కడా చూడలేదు" అన్నారు. ఆయన సంబరంగానే అన్నారు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం.

కొత్తూరులో మల్లెపూలు

నాలుగో నెల డబ్బా కోసం కొత్తూరు వెళ్లాను. బెంగళూరు రోడ్డును ఆనుకునే ఇల్లు. గుమ్మంలో అడుగు పెట్టగానే మల్లెపూల వాసన గుప్పుమంది. ఏమిటీ వ్రతమేమైనా ఉందా అనుకుంటూ లోపలికి పోయాను. మౌనిక గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తలలో పువ్వు లేదు. వాసన ఆమె దగ్గరి నుంచే వస్తోంది. ఆడదాన్ని కాబట్టి అర్థమైంది. పాలు ఎండగట్టాలనుకున్నప్పుడు మన పెద్దవాళ్లు రొమ్ముల మీద మల్లెపూలు కడతారు.

పిల్లవాడు అనంతమ్మ ఒళ్లో ఉన్నాడు, నోట్లో పాలసీసా. మొదటిసారి చూసినప్పుడు బుగ్గలు పట్టి గుండ్రంగా ఉన్నవాడు, ఇప్పుడు మొహం పీక్కుపోయి ఉన్నాడు. పొడిపాలు పడక విరేచనాలు పట్టుకున్నాయట.

"ఏందమ్మా ఇది? తల్లి ఉండంగ సీస ఎందుకు?" అన్నాను.

"మీరే గట్లంటరేంది మేడం?" అంది అనంతమ్మ. "మీ సారే జెప్పిండు గదా, ఆమె పాలల్ల ఏం లేదని. మిషిన్ల వెట్టి చూసిన్రంట. సత్తువ లేని పాలు తాపి పిలగాన్ని సంపుకోమంటరా?"

"సారు పాల గురించి అట్ల అని ఉండరు..."

"నా చెవులతోని ఇన్న. నా కొడుకు ఇన్నడు. నా బిడ్డ పాపది మంచిగున్నదన్నడు, గీ పిలగానిది లేదన్నడు. రెండు నోర్లా మాట్లాడతరా సదువుకున్నోళ్లు?"

నేను ఎంత చెప్పినా వినలేదు. వినకపోవడంలో ఆమె తప్పేమీ లేదు. ఆమె భయం మనుమడి గురించి, ఆమె దగ్గరున్న సాక్ష్యం మా సారు. నేను ఎవరిని? డబ్బాలు మోసే దాన్ని.  నేను లేచేటప్పుడు మౌనిక వాకిలి దాకా వచ్చి, నెమ్మదిగా అడిగింది.

"మేడం, పాలు చెడిపోతే మల్ల మంచిగైతయా? దవాఖానల మందు ఉంటదా?"

"నీ పాలు చెడిపోలేదు బిడ్డా."

"మరి మిషినుల గట్లెందుకొచ్చింది? నన్ను అమ్మోల్లింటికి తోలిస్తరంట. బాబును ఈడనే ఉంచుకుంటరంట."

 పిల్లవాడు ఇంకో పది రోజులు తాగకపోతే పాలు పూర్తిగా ఆగిపోతాయని నాకు తెలుసు. అవి ఆగిపోతే, ఆమె పాలు మంచివని ఆ తర్వాత ఎవరు నిరూపించినా ఏం లాభం? ఆ రోజు నాకు పట్టరాని కోపం వచ్చింది. సారు మీద, మా మెషీను మీద, విచిత్రం అనే మాట మీద.

డబ్బాలో ఎవరిది

పుట్టింటివాళ్లు మాట్లాడితే అనంతమ్మ కొంచెం మెత్తబడుతుందేమో అని తిరుగుదారిలో సాతంరాయిలో ఆగాను. నర్సమ్మ కొట్టంలో పాలు పిండుతోంది. ఆమెకు ఈ సంగతేమీ తెలియదు. మౌనిక చెప్పలేదు. నేను చెబుతూ ఉంటే చేతిలో చెంబు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. మల్లెపూల దాకా రాగానే చెంబు కింద పెట్టి కూలబడింది.

"మేడం, నా బిడ్డ పాలకు ఏం గాలేదు. గా డబ్బల ఉన్నది నా మనుమనిది గాదు."

"మరి ఎవరిది?"

ఆమె గుంజ వైపు చూపించింది. అక్కడ బర్రె దుడ్డె నిలబడి గడ్డి నములుతోంది. "దానిది" అంది.

నాకు ముందు నవ్వొచ్చింది. దాచడమెందుకు, కడుపు పట్టుకుని నవ్వాను. లోకంలో ఎక్కడా లేని ఆ విచిత్రం దుడ్డె పెంట! అది అప్పుడప్పుడే గడ్డి కొరుకుతుండేది. ఇక తల్లిపాల సూక్ష్మజీవులు ఎక్కడి నుంచి కనబడతాయి? మా మెషీనేమో సూక్ష్మజీవుల జాతి పేరు దాకా చదివి ఆగిపోయే రకం, ఇది మనిషిదా పశువుదా అని అడిగే తెలివి దానికి లేదు. అడగాల్సింది మేం. అంతలో మౌనిక మొహం కళ్లముందుకొచ్చి నా నవ్వు ఆగిపోయింది.

"ఎందుకట్ల చేసినవ్ అక్కా?"

"ఏంజేయాలె? పురుడు స్నానమన్న గాలె అప్పటికి. పసిగుడ్డు బట్టలే పొద్దుగూకినంక బయట ఆరెయ్యం మేము. అసొంటిది వానిది డబ్బల పెట్టి ఇస్తే ఎవరి చేతుల వడ్తదో, బాణామతోళ్ల చేతులనే వడ్తదో! మీరు మంచోళ్లే. కని మీ చేతులకెళ్లి అది ఏడికి పోతదో మీకు ఎరికేనా?"

నిజం చెప్పాలంటే నాకూ తెలియదు. ల్యాబు దాకా తెలుసు. అక్కడి నుంచి కొన్ని విమానమెక్కి పోయేవి. ఎక్కడికి, ఎవరి ఫ్రిజ్‌లోకి అన్నది నన్నెవరూ అడగలేదు, నాకెవరూ చెప్పలేదు.

"ఇయ్యనని చెప్పేదుండె. నేనేం కోపం చేసేదాన్నా?"

"మంచిగ చెప్తున్నరు. ఎండలవడి వచ్చిన్రు, నా ఇంట్ల చల్ల తాగిన్రు, గంత పావురంగ, పేమగ మాట్లాడిన్రు. మిమ్మల్ని ఒట్టి చేతులతోని తోలియ్యాల్నా? దుడ్డె గూడ పాలు తాగేదే, మావోడు గూడ పాలు తాగేటోడే అనుకున్న." కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. "వాన్ని కాపాడుకుందమని నా బిడ్డ నోట్లె మన్ను కొట్టిన గదా మేడం."

కొత్తగా పనిలోకి వచ్చే పిల్లలారా, సంతకం పెట్టించుకోవడం మీకు నేర్పుతారు. మొహమాటాన్ని గుర్తుపట్టడం ఎవరూ నేర్పరు. గడప దాకా వచ్చిన మనిషికి కాదని చెప్పడం మన ఊళ్లలో తప్పు. అందుకే సరే అంటారు. ఆ సరే అన్న మాటను మనం అంగీకారం అనుకుని సంచిలో వేసుకుని వస్తాం. అందులో సగం మర్యాద, సగం భయం.

సారు కాఫీ

సారు ఆ సాయంత్రమే పరాయి దేశంలో ఒక సభకు బయల్దేరుతున్నారు. ఉపన్యాసం దేని మీద అనుకున్నారు? ఈ విచిత్రం మీదే. నేను ఫోను చేస్తే, ఇంకా లోపలికి వెళ్లలేదు, ఎయిర్‌పోర్టు గేటు బయట కాఫీ తాగుతున్నానన్నారు. ఎప్పుడూ మూడు గంటల ముందే చేరే మనిషి. ఆ భయస్తుడి అలవాటుకు ఆ రోజు దండం పెట్టుకున్నాను. సాతంరాయి నుంచి ఎంతసేపు, జీపు అటే తిప్పించాను.

చెప్పాను, మొత్తం. దుడ్డె సంగతి చెప్పినప్పుడు ఆయన కాఫీ కప్పు పక్కన పెట్టారు. ఉపన్యాసం గురించి ఏదో అంటారనుకున్నాను.

"ఆ అమ్మాయికి పాలు ఇంకా వస్తున్నాయా?" అని అడిగారు.

ఆ ఒక్క ప్రశ్నకు ఆయన మీద నాకున్న కోపమంతా పోయింది.

"ఇంకా ఉన్నట్టే ఉన్నయి సార్. రోజులు గడిస్తే చెప్పలేం."

"అయితే పదండి. ఆ అమ్మాయి తల్లి పేరు, ఆవిడ చేసిన పని మనం బయట పెట్టొద్దు ఎస్తేరమ్మా. కూతురి కాపురం అక్కడ. డబ్బా మా దగ్గరే మారిపోయింది అని నేను చెబుతాను. చూడకుండా మాట్లాడింది నేనే కదా." సూట్‌కేసు తెచ్చి జీపులో పెట్టేశారు. "నిజానికి ఆ దుడ్డె నన్నూ కాపాడిందండీ. రెండు రోజులు ఆగి తెలిసుంటే, ప్రపంచంలో ఉన్న పెద్దలందరి ముందూ గేదె పేడ మీద ఉపన్యాసం ఇచ్చి వచ్చేవాణ్ని" అని కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వారు.

ఇద్దరు వియ్యపురాళ్లు

అనంతమ్మ సారును చూసి మంచం మీద దుప్పటి పరిచింది. సారు కూర్చోలేదు. "అమ్మా, ఆ రోజు నేను చెప్పిన మాట పూర్తిగా తప్పు. మేం చూసిన డబ్బా మీ మనుమడిది కాదు. ఎక్కడో మారింది. తప్పు మాది, నాది. మీ కోడలి పాలకు ఏ దోషమూ లేదు. దయచేసి బిడ్డను తల్లి దగ్గరికి ఇవ్వండి" అన్నారు.

అనంతమ్మ నమ్మలేదు. "అప్పుడు మిషిను జెప్పిందన్నరు, ఇప్పుడు డబ్బ మారిందంటున్నరు. మా కోడలు ఏడిస్తే జాలిపడి వచ్చిన్రా సారూ? మల్ల రేపు ఇంకేదన్న అంటరు. నా మనుమని పానం ఎవలు తెచ్చిస్తరు?"

 నాకైతే ఇక అయిపోయిందనిపించింది. అప్పుడే ఆటో ఆగిన చప్పుడైంది. నర్సమ్మ దిగింది. వద్దని ఎంత చెప్పి వచ్చానో! లోపలికి వచ్చి, వియ్యపురాలి ముందు చేతులు జోడించి, ఎవరూ ఆపేలోపే మొత్తం చెప్పేసింది. దుడ్డె, డబ్బా, బాణామతి భయం, అన్నీ. "నన్నేమన్న అను వదినా. ఊరంత జెప్పి నగుబాటు జెయ్యి. నా బిడ్డను మాత్రం ఏమనకు. దాని పాలు దానికియ్యి."

 నేను అనంతమ్మ నోటి నుంచి శాపనార్థాలు వస్తాయని ఎదురుచూస్తున్నాను. ఆమె తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని, "నేను పెట్టింది మేకపిల్లది" అంది.

"ఏమిటమ్మా?" అన్నారు సారు.

"నా బిడ్డ పాపకు డబ్బ ఇచ్చిన్రు గదా. అండ్ల నేను మేకపిల్లది పెట్టిన. పుట్టి మూడు పొద్దులు గాలె దానికి. పాలు తప్ప ఏం తాగలే."

పాఠ్యపుస్తకంలో బొమ్మ! సారు గోడ పట్టుకున్నారు. ఆ పెద్దమనిషి కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అంతగా నవ్వడం నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలని ఊరికే అన్నారా! నేను మాత్రం నవ్వలేకపోయాను.

"మరి అనంతమ్మా, డబ్బాల ఏమన్న ఉండొచ్చని నీకు తెల్సు గదా. సారు పాపది బ్రహ్మాండం అన్ననాడే, ఇదంత ఉత్తదే అని నీకు తెల్సు. మరి కోడలి పాలు మంచిగ లేవంటే ఎట్ల నమ్మినవ్?"

ఆమె కొంగు అంచు వేళ్లకు చుట్టుకుంటూ, "నా బిడ్డది మంచిగున్నదన్నరు, ఊకున్న. కోడలిది మంచిగ లేదన్నరు, నమ్మిన" అంది. అంత సూటిగా ఎవరూ తమ సంగతి తాము చెప్పుకోగా నేను వినలేదు. ఆ తర్వాత లేచి వెళ్లి మౌనిక పక్కన కూర్చుని, జాకెట్టు హుక్కు తానే తీసి, ఆ వాడిన మల్లెపూలు ఒక్కొక్కటే తీసి పారేసింది.

ఊరట

ల్యాబులో ఏమైందో ముందు చెప్పేస్తాను. మౌనిక సంగతి చెప్పాక నాకిక వేరేది చెప్పబుద్ధి కాదు. సారు సభకు వెళ్లలేదు. ఆ ఊళ్ల ఫలితాలన్నీ పక్కన పడేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టించారు. ఏడాది పని పోయింది. అయినా ఆయన మొహంలో తప్పించుకున్నవాడి వెలుగే ఉంది. అప్పటి నుంచి ఇంటింటా మేం మొదట చెప్పే మాట మారింది. "ఇయ్యనంటే ఏం గాదు, చాయ్ తాగి పోతం" అని చెప్పేదాన్ని. అలా అన్నాక కొందరు నిజంగానే 'ఇవ్వం' అన్నారు. ఇచ్చినవాళ్లవి మాత్రం నికరంగా మనుషులవే. పురుడు స్నానం అయ్యాకే అడిగేవాళ్లం. అమ్మమ్మలను, నాయనమ్మలను జీపెక్కించి బుద్వేల్ తీసుకుపోయి, డబ్బా ఎక్కడికి పోతుందో, చివరికి ఎలా కాల్చేస్తామో చూపించేవాళ్లం. నర్సమ్మ మా పెద్ద ఫ్రీజరు చూసి, "గింత పెద్ద పెట్టె గిందుకా! మా పాలకేంద్రంల గూడ లేదు" అని ముక్కున వేలేసుకుంది. బయటి దేశం పోయేవాటి సంగతి సారు వాళ్లకు ముందే విప్పి చెప్పేవారు. వద్దన్నవాళ్లవి పంపేవారు కాదు.

మీకు నేనిచ్చే సలహా ఇంతే. వింత కనిపిస్తే ముందు డబ్బాను అనుమానించండి, మనిషిని కాదు. మీ ఫలితం వందమందిని కలిపి చూస్తేనే ఫలితం. ఒక్క తల్లి ముందు పెడితే అది తీర్పు అయి కూర్చుంటుంది. ఆ తీర్పు ఇచ్చే హక్కు మీకు లేదు.

ఇక మౌనిక. మల్లెపూలు తీసేసినంత మాత్రాన పాలు రావు. పిల్లవాడు సీసాకు అలవాటుపడ్డాడు. తల్లి రొమ్ము పట్టమంటే మొహం తిప్పుకుని గుక్కపెట్టి ఏడ్చేవాడు. వాడు ఏడిస్తే మౌనిక ఏడ్చేది. నేను రోజూ పోయేదాన్ని. సీసా దాచిపెట్టించి, గిన్నెతో, ఉగ్గు చెంచాతో పాలు పట్టించాను. మాటిమాటికీ రొమ్ముకు పట్టిస్తూ ఉండు, పిల్లవాడు చప్పరించడమే మందు అని చెప్పాను. నర్సమ్మ తన బర్రెను పక్కింటివాళ్లకు అప్పజెప్పి వచ్చి కొత్తూరులోనే దిగింది. ఆమె ఎల్లిపాయ కారం నూరితే, అనంతమ్మ మెంతులు వేసి జావ కాచేది. పాలు పడటానికి ఏది మంచిదన్న దాని మీద ఇద్దరూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొట్లాడుకునేవాళ్లు. పాలు మాత్రం రావడం లేదు. లోపల్లోపల నాకు భయంగానే ఉంది. ఆలస్యమైపోయిందేమో, సారు నోటి మాట ఒకటి ఈ పిల్ల ఒంట్లోంచి పాలను నిజంగానే తీసేసిందేమో అని.

ఒక పొద్దున నేను వెళ్లేసరికి ఇంట్లో ఎవరూ మాట్లాడటం లేదు.  మౌనిక చాప మీద కూర్చుని ఉంది, పిల్లవాడు ఒళ్లో. అటొక అమ్మ, ఇటొక అత్త. నేను నోరు తెరవబోతే అనంతమ్మ వేలు పెదవుల మీద పెట్టుకుంది.

"సప్పుడు జేయకుండ్రి. గుటక ఇనవడ్డట్టైంది."

పాలు వస్తున్నాయో లేదో పిల్లవాడి నోరు కదిలితే తెలియదు. మింగితేనే తెలుస్తుంది. అందరం చెవులు రిక్కించాం. బెంగళూరు రోడ్డు మీద లారీ ఒకటి రొద పెడుతూ వచ్చింది. అది దాటిపోయే దాకా ముగ్గురం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. లారీ పోయింది.

గుటక. కాసేపాగి ఇంకో గుటక. తర్వాత వరసగా.

పిల్లవాడి మూతి పక్క నుంచి తెల్లటి చుక్క ఒకటి జారి మౌనిక మోచేతి మీద పడింది. ఆమె దాన్ని వేలితో తీసి, చాలాసేపు చూసింది. తర్వాత అందరికంటే ముందు అత్త వైపు తిరిగి, ఆ వేలు ఆమెకు చూపించింది.

"నాయే అత్తమ్మా" అంది.

"నీయే బిడ్డా" అంది అనంతమ్మ.